రాజవస్త్రాల పరిమళం, రాజదండం

ఈ ఏటి శ్రమకాలపు కూటాల్లో ఒక ప్రసంగీకుడు 45వ కీర్తన ఎనిమిదో వచనాన్ని తీసుకుని చాలాసేపు వివరించారు. “నీ వస్త్రములెల్ల గోపరస వాసనే అగరు వాసనే లవంగిపట్ట వాసనే” అన్న ఆ మాట మన సంఘాల్లో చాలామందికి కంఠతా వచ్చు. గోపరసం క్రీస్తు శ్రమలకు సాదృశ్యమనీ, అగరు చేదు గనుక సిలువ మీది వేదనకు సాదృశ్యమనీ, లవంగిపట్ట స్వస్థతకు సాదృశ్యమనీ ఆయన చెప్పారు. ప్రార్థన ముగిశాక పందిరి పక్కన ఒక బల్ల వేసి, ఆ మూడు సుగంధాలూ కలిసి ఉన్నాయంటూ అభిషేక తైలం సీసాలు అమ్మారు. మా వరుసలో కూర్చున్న ఒక ముసలమ్మ, కొంగుకు కట్టుకున్న నోటు విప్పి ఇచ్చి, సీసాను కళ్ళకద్దుకుని వెళ్ళింది.

ఆ తల్లి విశ్వాసాన్ని నేను ప్రశ్నించను. అయితే ఆ వచనాన్ని అలా వివరించే పద్ధతిని ప్రశ్నించకుండా ఉండలేకపోతున్నాను. నాకు అర్థమైనంతవరకు ఆ కీర్తనలో పరిమళానికి సొంతంగా ఏ రహస్యార్థమూ లేదు. దానికి ముందు వచనాల్లో చెప్పిన రాజదండం నుంచి, ఆ రాజుకు నీతిమీద ఉన్న ప్రేమ నుంచి, అది అర్థాన్ని తెచ్చుకుంటుంది. ఆ నీతిని పక్కన పెట్టి వాసనను మాత్రమే పట్టుకునే వ్యాఖ్యానం, వినడానికి ఎంత భక్తిగా ఉన్నా, కీర్తనలోని సగాన్ని మనకు అందకుండా చేస్తుంది.

హెబ్రీ పత్రిక ఆగిన చోటు

ఇది మొదట ఒక రాజు పెళ్ళికి రాసిన పాట అన్న విషయంలో వ్యాఖ్యాతల మధ్య పెద్ద తగాదా లేదు. ఆ రాజు ఎవరన్న దాని మీదనే తగాదా. 16వ శతాబ్దపు సంస్కర్త కాల్విన్ మొదట సొలొమోనును చూశాడు, ఆ తరువాత సొలొమోనులో క్రీస్తును చూశాడు. 19వ శతాబ్దపు జర్మన్ పండితుడు డెలిట్జ్ యూదా రాజు యెహోరాము, అతల్యాల పెళ్ళిని ఊహించాడు. క్రైస్తవులే బలవంతంగా ఇందులోకి మెస్సీయను తెచ్చారన్న వాదన మాత్రం నిలవదు, ఎందుకంటే యూదుల అరామిక్ అనువాదమైన తర్గూము కూడా “నరులకంటె నీవు అతిసుందరుడవు” అన్న చోట మెస్సీయ రాజునే సంబోధించింది.

క్రొత్త నిబంధనలో ఈ కీర్తనను సూటిగా క్రీస్తుకు అన్వయించినది హెబ్రీ పత్రిక మొదటి అధ్యాయం. “దేవా, నీ సింహాసనము నిరంతరము నిలుచును” అన్న ఆరో వచనాన్నీ, “నీవు నీతిని ప్రేమించి దుష్టత్వమును ద్వేషించుచున్నావు కావున” దేవుడు నిన్ను ఆనందతైలంతో అభిషేకించాడన్న ఏడో వచనాన్నీ ఆ పత్రిక ఎత్తి చూపింది. అక్కడితో ఆగింది. పరిమళపు వచనం సరిగ్గా ఆ తరువాతిదే అయినా దానిని ముట్టుకోలేదు. క్రొత్త నిబంధనలో మరెక్కడా కూడా ఆ వచనాన్ని ఎత్తి చెప్పి, గోపరసమంటే ఇది, అగరంటే ఇది అని విడమరచలేదు. అపొస్తలుల కాలపు రచయిత సింహాసనాన్నీ, న్యాయదండాన్నీ, నీతిప్రేమనూ క్రీస్తులో చూపించడం తన పని అనుకున్నాడు. సుగంధాల జాబితాను విప్పే పని ఆ తరువాతి శతాబ్దాల సంఘం చేసుకున్నది. అందుచేత అది తప్పని నేను అనను. దానికి లేఖనమంత అధికారం ఇవ్వకూడదని మాత్రం అంటాను.

బాసిలు, ఆగస్టీను

ఆ పని చేసినవారిలో నాకు అందరికంటే ఇష్టమైనవాడు 4వ శతాబ్దపు కైసరయ బిషపు బాసిలు. గ్రీకు బైబిలులో ఇది 44వ కీర్తన. అక్కడ అగరు స్థానంలో చెట్టు నుంచి బొట్టుబొట్టుగా కారే జిగురు ఉంటుంది. బాసిలు గోపరసాన్ని క్రీస్తు సమాధికి గుర్తుగా తీసుకున్నాడు. కారే బొట్టు ఎప్పుడూ కిందికే పోతుంది గనుక దానిని ఆయన పాతాళంలోకి దిగడానికి గుర్తుగా తీసుకున్నాడు. లవంగిపట్ట కొమ్మను చుట్టి ఉండే పలుచని బెరడు గనుక దానిని మాను మీద వేలాడిన ఆయన శరీరానికి గుర్తుగా తీసుకున్నాడు. మన ప్రసంగాల్లోని మూడు సాదృశ్యాల పద్ధతి ఎంత పాతదో దీనివల్ల తెలుస్తుంది. అయితే బాసిలు ఒక వస్తువును దాని స్వభావంతో సహా చూసి, జిగురు ఎలా కారుతుంది, బెరడు ఎలా అంటిపెట్టుకుంటుంది అని ఆలోచించి మాట్లాడాడు. మన కూటంలో విన్న “అగరు చేదు” అన్న మాటలో ఆ పరిశీలన లేదు. చేదు కలబందకు ఉన్న గుణం. ఈ కీర్తనలోని అగరు సువాసన చెక్క. అసోములోనూ దానికి తూర్పునున్న అడవుల్లోనూ పెరిగే ఆ చెట్టుకు గాయమై, బూజు పట్టినప్పుడు, లోపలి కలప నల్లబడి జిగురుతో నిండి వాసన వేస్తుంది. చేదు గురించి చెప్పిన ప్రసంగీకుడికి ఈ గాయం సంగతి తెలిసి ఉంటే తన ఉద్దేశానికి ఇంకా బలమైన ఆధారం దొరికి ఉండేది!

ఉత్తర ఆఫ్రికా బిషపు ఆగస్టీను మరో దారి పట్టాడు. సుగంధాల కంటే వస్త్రాల మీద ఆయన ఎక్కువ దృష్టి పెట్టాడు. క్రీస్తు ధరించిన వస్త్రాలు ఆయన పరిశుద్ధులే, అంటే సంఘమే అన్నాడు. ఆ కీర్తనలో తరువాత కనిపించే రాజకుమార్తెలు ఎవరని అడిగి, ఇదిగో రోమా, ఇదిగో కార్తేజు అని నగరాల్నే చూపించాడు. రాజుల చేతుల్లో పుట్టి పెరిగిన ఆ నగరాలు ఇప్పుడు ఈ రాజును సంతోషపెడుతున్నాయన్నాడు. నాకు ఈ వివరణ బాసిలు వివరణ కంటే ఎక్కువ ఇబ్బంది కలిగిస్తుంది, ఆ ఇబ్బంది కలగడం మంచిదని కూడా అనుకుంటాను. ఆ వస్త్రం మనమే అయితే, రాజును సమీపించినవారికి ముందుగా తగిలేది మన వాసనే.

అదే బోళం, అదే అగరు

సుగంధానికి ఒక శాశ్వతమైన సాదృశ్యాన్ని అంటగట్టడంలో ఉన్న చిక్కు సామెతలు ఏడో అధ్యాయం చదివితే తెలుస్తుంది. పెనిమిటి ఊళ్ళో లేని సమయం చూసి యవ్వనస్థుణ్ణి పిలిచే స్త్రీ తన పరుపు మీద బోళం, అగరు, కారపుచెక్క చల్లానని చెబుతుంది. కీర్తనలో గోపరసం అన్నదీ, ఇక్కడా సువార్తల్లోనూ బోళం అన్నదీ ఒకటే పదార్థం. కీర్తనలోని మూడింటిలో రెండు ఆ పరుపు మీద ఉన్నాయి. పరమగీతం నాలుగో అధ్యాయంలో అవే ప్రియురాలి తోటలో ఉన్నాయి. యోహాను 19వ అధ్యాయంలో అవే, యేసు దేహాన్ని సమాధి చేయడానికి వచ్చిన నీకొదేము చేతిలో ఉన్నాయి. గోపరసమంటే శ్రమలేనని పట్టుబడితే సామెతల్లోని పరుపును ఏమని వివరిస్తాం?

మన ఇళ్ళలోనూ ఇదే చూస్తాం. పెళ్ళిలో వచ్చినవారి మీద పన్నీరు చల్లుతాం. అదే వారంలో ఎవరైనా ప్రభువునందు నిద్రిస్తే పెట్టె మూసేముందు సెంటు చల్లుతాం. మా పెద్దత్త పోయినప్పుడు, కూతురి పెళ్ళికి కొని సగం వాడి దాచిన సెంటు సీసానే బీరువాలోంచి తీసి ఆమె చీర మీద చల్లారు. మూత తీయగానే అక్కడున్న ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా ఏడ్చారు, ఎందుకంటే అందరికీ ఆ పెళ్ళిపందిరి గుర్తుకొచ్చింది. వాసన అదే, సందర్భం వేరు. అర్థాన్ని ఇచ్చింది సందర్భమే.

ఇక్కడ నా వాదనకు ఎదురయ్యే గట్టి ప్రశ్న ఒకటి ఉంది. అలాగైతే కీర్తనలో సమాధిని చూసిన బాసిలు కేవలం ఊహ అల్లాడా? కాదనే నా జవాబు. నీకొదేము తెచ్చిన బోళం, అగరు కలిపిన మిశ్రమం రోమా తూకంలో దాదాపు 100 రాత్తళ్ళు, అంటే మన లెక్కలో సుమారు 33 కిలోలు. ఒక సామాన్యుడి అంత్యక్రియకు అంత అవసరం లేదు. ఆసా రాజును నానావిధ సుగంధాలతో నింపిన పడక మీద పెట్టారని దినవృత్తాంతాల రెండో గ్రంథం చెబుతుంది. యోహాను మనకు అలాంటి రాజమర్యాదనే చూపిస్తున్నాడు. ముళ్ళ కిరీటం, ఊదారంగు వస్త్రం, మూడు భాషల్లో “యూదుల రాజు” అన్న పైవిలాసం దాటి ఆ సుగంధాల దగ్గరికి వచ్చిన చదువరికి 45వ కీర్తన గుర్తుకు రావడం సహజం. సిలువనే సింహాసనంగా చూపించిన కథనం అది. అక్కడ బోళం సమాధిని తలపిస్తున్నదంటే ఆ కథ బలమే కారణం, బోళానికి ముందే ఖాయం చేసిపెట్టిన సాదృశ్యం కాదు. కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో పౌలు కూడా ఒకే క్రీస్తు సువాసన కొందరికి జీవపు వాసనగానూ, కొందరికి మరణపు వాసనగానూ ఉంటుందని చెప్పాడు.

దంతపు నగరులు

ఎనిమిదో వచనం రెండో సగాన్ని మన ప్రసంగాలు సాధారణంగా పరలోక మందిరాలని చెప్పి దాటవేస్తాయి. దంతంతో కట్టిన నగరులలో తంతివాద్యాలు రాజును సంతోషపెడుతున్నాయన్నది ఆ మాట. దంతపు నగరు అంటే గోడలకూ మంచాలకూ చెక్కిన దంతపు పలకలు తాపడం చేసిన భవనం. ఇశ్రాయేలు రాజు అహాబు అలాంటిది కట్టించాడని రాజుల మొదటి గ్రంథం చెబుతుంది. అతని రాజధాని షోమ్రోను (సమరయ) తవ్వకాల్లో, ముఖ్యంగా 1930లలో, అలాంటి దంతపు చెక్కడాలు కుప్పలుగా బయటపడ్డాయి.

ఆ భవనాల గురించి, ఆ తైలాల గురించి, ఆ వాద్యాల గురించి మరో గొంతు కూడా బైబిలులో ఉంది. దంతపు నగరులు నాశనమవుతాయని ఆమోసు మూడో అధ్యాయంలో అన్నాడు. ఆరో అధ్యాయంలో దంతపు మంచాల మీద పడుకుని, స్వరమండలం వాయిస్తూ పాడుకుంటూ, పరిమళ తైలం పూసుకుంటూ, యోసేపు సంతతివారి ఉపద్రవానికి మాత్రం చింతపడనివారికి శ్రమ అన్నాడు. 45వ కీర్తన ఎనిమిదో వచనాన్నీ ఆమోసు ఆరో అధ్యాయాన్నీ పక్కపక్కన పెట్టి చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. అదే దంతం, అదే తైలం, అదే సంగీతం. కీర్తనకారుడు ఆనందించిన వస్తువుల్నే ప్రవక్త శపించాడు.

ఈ రెండింటినీ కలిపి చదవడానికి నాకు కనిపించే దారి ఒక్కటే. కీర్తనలో రాజు సత్యం కోసం, వినయంతో కూడిన నీతి కోసం బయలుదేరతాడు. ఇది నాలుగో వచనం. అతని దండం న్యాయదండం. ఇది ఆరో వచనం. నీతిని ప్రేమించాడు గనుక అభిషేకం పొందాడు. ఇది ఏడో వచనం. ఆ తరువాతనే వస్త్రాలు పరిమళిస్తాయి. అహరోను గడ్డం మీదుగా అంగీ అంచువరకూ కారిన తైలాన్ని 133వ కీర్తనలో చూసినవారికి, ఏడో వచనంలో తల మీద పోసిన తైలమే ఎనిమిదో వచనంలో వస్త్రాల వరకు దిగిందని అనుకోవడం కష్టం కాదు. ఆమోసు చూసిన గదుల్లో తైలం ఉంది గాని ఆ కారణం లేదు. నీతి కరవైన చోట అవే వస్తువులు శాపానికి గురయ్యాయి.

ఈ మాట అన్నప్పుడు పాత వివాదం ఒకటి తలుపు తడుతుంది. నీతికి ఫలితంగా అభిషేకం దొరికిందంటే, కుమారుడు మెట్టుమెట్టుగా ఎదిగి దేవుడయ్యాడన్న అరియసు వాదానికి చోటిచ్చినట్టే కదా అని ఒక మిత్రుడు నన్ను అడిగాడు. 4వ శతాబ్దంలో అరియను పక్షం సరిగ్గా ఈ ఏడో వచనాన్నే ఆయుధంగా పట్టుకుంది. అలెగ్జాండ్రియా బిషపు అతనేసియసు వారికిచ్చిన సమాధానం నాకు ఇప్పటికీ చాలినదిగా తోస్తుంది. ఆరో వచనంలో సింహాసనం అప్పటికే నిరంతరమైనది, రాజు అప్పటికే దేవుడని పిలువబడ్డాడు. కాబట్టి అభిషేకం ఆయనను దేవుణ్ణి చేయలేదు. ఆయన మనుష్యుడై మన కోసం దానిని పొందాడు, ఆయన ద్వారా ఆత్మ మనకు రావడానికి పొందాడు. అలా చూస్తే ఆ తైలం గమ్యం మనమే. అతనేసియసు వాదం, వస్త్రాలంటే సంఘమన్న ఆగస్టీను మాట ఇక్కడ ఒకదానికొకటి తోడవుతాయి. అభిషేకానికి కారణమైన నీతిప్రేమ లేకుండా అభిషేకాన్ని మాత్రం మనం అందుకోగలమా?

సీసాల్లో అమ్మిన తైలం దగ్గర నాకున్న అభ్యంతరం ఇదే. నిర్గమకాండం 30వ అధ్యాయంలో ప్రతిష్ఠాభిషేక తైలానికి గోపరసం 500, లవంగిపట్ట 500 షెకెళ్ళ తూకం చొప్పున వేయమన్న దేవుడు, అలాంటి మేళనాన్ని సొంతానికి చేసుకోకూడదనీ, అన్యుల మీద పోయకూడదనీ గట్టిగా చెప్పాడు. యాకోబు పత్రిక ప్రకారం పెద్దలు రోగికి నూనె రాసి ప్రార్థించడాన్ని నేను కాదనను, మా ఇంట్లోనూ అలా చేయించుకున్నాం. ఆ నూనెకు ధర కట్టి, దానికి 45వ కీర్తనను పూచీగా పెట్టడాన్ని మాత్రం ఒప్పుకోలేను.

లంద దగ్గర విన్న కీర్తన

ఈ వచనం మా పూర్వీకులకు ఎలా వినిపించి ఉంటుందో నేను చాలాసార్లు ఆలోచించాను. 1866లో ఒంగోలు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దగ్గర మొదట చేరినవారిలో తోళ్ళ వ్యాపారం చేసిన ఎర్రగుంట్ల పేరయ్య ముఖ్యుడు. 1876–78 నాటి ధాతు కరువు తరువాత, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో అత్యధికులు మాదిగలు. మా ముత్తాతలూ ఆ వృత్తివారే. సున్నంలో ఊరవేసి వెంట్రుక తీసిన తోలును తంగేడు చెక్క నీళ్ళున్న లందలో నానబెట్టే పని వారిది. ఆ వాసన చేతుల్లోకి, గోళ్ళలోకి దిగి ఎన్ని నీళ్ళు పోసుకున్నా పోయేది కాదని మా నాయనమ్మ చెప్పేది. ఊళ్ళోవాళ్ళు మావాళ్ళు కుట్టిన చెప్పులు కావాలనేవారు, కుట్టినవాణ్ణి మాత్రం వాసన పేరు చెప్పి దూరంగా నిలబెట్టేవారు.

అలాంటి ఇంట్లో, దీపం దగ్గర ఎవరో చదువు వచ్చిన పిల్లవాడు “నీ వస్త్రములెల్ల గోపరస వాసనే” అని చదివి ఉంటాడు. నువ్వు ఆ రాజు ధరించిన వస్త్రానివి అని వారికి ఎవరైనా చెప్పి ఉంటే, అది సుగంధ ద్రవ్యాల గురించి ప్రసంగంలా వినిపించి ఉండదు. ఊరు తమ మీద వేసిన తీర్పును ఒక న్యాయదండం కొట్టివేసిందని వినిపించి ఉంటుంది. నీతిని ప్రేమించే రాజు పరిమళం అంటే నాకు అర్థమయ్యేది ఇదే: ఆయన దగ్గరికి వచ్చిన ఏ మనిషినీ వాసన పేరు చెప్పి వెనక్కి పంపలేరు.

అదే రాజును ఆరాధించే సంఘాల్లో ఇప్పటికీ కులాన్ని బట్టి మందిరాలున్నాయి, సమాధుల స్థలంలో గోడలున్నాయి. మా జిల్లాలోని ఒక సంఘంలో రెండేళ్ళ కిందట ఈ గోడ మీద తగవు వచ్చినప్పుడు, ఆ ఆదివారం కాపరి చదివించినది 45వ కీర్తనే. మూడు సుగంధాలు, మూడు సాదృశ్యాలు చక్కగా చెప్పి, గోడ ఊసెత్తకుండా ఆశీర్వాదం పలికారు. ఆయన చెడ్డవారు కారు. రోగుల మంచం దగ్గర రాత్రంతా కూర్చునే మనిషి. ఆరో, ఏడో వచనాలను కూడా అదే శ్రద్ధతో చెప్పడం మొదలుపెడితే ఆయన నోటి నుంచి గోడ మాట తప్పక వచ్చి ఉండేదని నేను నమ్ముతున్నాను.

సుగంధాలను ఇలా నీతికి కట్టేస్తే, ఆ వచనంలోని మాధుర్యం పోతుందని, సిలువ ప్రేమను ధ్యానించే భక్తుడికి అన్యాయం జరుగుతుందని నా సోదరి ఒకరు అన్నారు. ఆమె భయం నాకు తెలుసు, ఆ మాధుర్యం నాకూ ప్రియమైనదే. గోపరసం అనగానే ఆ సమాధి తోట, నీకొదేము చేతులు నాకూ గుర్తుకొస్తాయి. అయితే నీకొదేము రాత్రివేళ చాటుగా వచ్చినవాడు. తరువాత సభలో, మనిషి మాట వినకుండా తీర్పు తీర్చడం మన ధర్మశాస్త్రమా అని అడిగి చీవాట్లు తిన్నవాడు. ఆ ప్రశ్న యోహాను ఏడో అధ్యాయంలో ఉంది. బోళం, అగరు మోసుకుని అతడు తోటకు వచ్చింది 19వ అధ్యాయంలో, న్యాయం అడిగిన తరువాతనే.